దీపం మీద బొట్టు

హైదరాబాదు,
15-10-1973

తమ్ముడు నరసింహమూర్తికి, నేను క్షేమమే. ఈ కార్డు మొత్తం చదివాకే మిల్లు కారు బయటికి తియ్యి.

స్టీరింగు వెనకాల మీటర్ల పక్కన ఉన్న చిన్న ఎర్ర అద్దమే బండికి నుదురు, దసరా పూజలో బొట్టు అక్కడే పెట్టమని నీకు రాశాను. బుద్ధిలేక రాశాను. నేనూ అలాగే పెట్టాను. ఇవాళ పొద్దున ఇంజనీరు గారిని ఖాజాగూడ తీసుకెళ్తుంటే, గుట్టల దగ్గర ఇంజను టకటకా కొట్టుకుంది. భయపడి బండి పక్కకు తీశాను. రాళ్ల లారీ నడిపే రాజయ్య వచ్చి, లోపలికి వంగి తువ్వాలుతో కుంకుమ తుడిచాడు. కింద దీపం ఎర్రగా వెలుగుతోంది! చప్పున తాళం తిప్పి ఇంజను ఆపేశాడు.

"ఏందన్నా గిట్ల జేసినవ్? ఆయిల్ లేదని గా దీపం ఎప్పటిసంది మొత్తుకుంటున్నదో! ఇంకో మైలు పోతే ఇంజను పట్టేసేది," అన్నాడు.

తాళం తిప్పగానే ఆ దీపం వెలగాలి, ఇంజను అందుకోగానే ఆరిపోవాలి. దారిలో వెలిగిందంటే ఉన్నచోటే ఇంజను ఆపి ఆయిల్ పుల్ల తీసి చూడు. నాలుగు అడుగులే కదా అని పోనివ్వకు. గురువారం మరదల్ని పురిటికి ఆ కారులోనే తీసుకెళ్తానన్నావు.

అమ్మ మోకాలి వాపు తగ్గిందా? నా పాత దుప్పటి ఎవరితోనైనా పంపించు. మరదలికి, కడుపులో బిడ్డకు నా దీవెనలు.

బొట్టు చెరిపితే అరిష్టమని అమ్మ అడ్డుపడుతుంది. చెరపమన్నది నేనని చెప్పు. దోషమేదైనా ఉంటే నాకే తగలనీ.

నీ అన్న,
సుబ్రహ్మణ్యం