బూట్లు విప్పే గది

12 జూలై 1999, సోమవారం

ఈ రోజు నుంచి నాకు గేటు డ్యూటీ లేదు. రెండో ఫ్లోర్‌లో కంప్యూటర్ రూమ్ తలుపు దగ్గర డ్యూటీ. కుర్చీ ఉంది, ఏసీ ఉంది. ఏడాది పాటు ఎండకూ వానకూ నిలబడ్డ సెక్యూరిటీ గార్డుకు ఇంకేం కావాలి!

సిస్టమ్స్ ఇన్‌చార్జ్ లక్ష్మీనారాయణ సార్ పేరు అడిగారు. వీరేశం అన్నాను. చదువు అడిగారు. ఇంటర్, టైపు లోయర్ పాస్ అన్నాను. ఉన్నోళ్లంతా రెండువేల సంవత్సరానికి కంప్యూటర్లలో తేదీలు సరిచేసే వైటూకే పనిలో పడినారప్పా, సాయంత్రం బ్యాకప్ టేపులు మార్చేవాడు లేడు, నేర్చుకుంటావా అన్నారు. బాగా చేస్తే ఆపరేటర్‌గా కంపెనీలోకే తీసుకుంటారట. నా చెవులను నేనే నమ్మలేదు.

తలుపు బయట చెప్పుల స్టాండు ఉంది. ఎండీ గారైనా సరే షూ విప్పే లోపలికి పోవాలి. దుమ్ము పడితే మెషిన్లు పాడవుతాయట. సార్ షూ విప్పి, రాప్పా చూపిస్తా అని నా కోసం ఆగారు.

నా బూట్లు వారం రోజులుగా తడిసే ఉన్నాయి. ఇంట్లో నా భార్య రజిత కంపు భరించలేక నన్ను వాకిట్లోనే విప్పిస్తుంది. ఇక్కడ ఏసీలో విప్పితే నా బతుకు అక్కడితో సరి. డ్యూటీలో బూట్లు విప్పొద్దని మా సెక్యూరిటీ ఏజెన్సీ రూల్ సార్ అనేశాను. ఔనా అని ఆయన ఒక్కరే లోపలికి వెళ్లారు.

13 జూలై

రూలూ లేదు, గాడిద గుడ్డూ లేదు. ఏజెన్సీ ఇచ్చింది ఒక్క జత. పన్నెండు గంటలు అవే కాళ్లకు. మానేద్దామంటే మూడేళ్ల బాండు, నా సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో. కంపెనీ నన్ను అడిగి తీసుకుంటే తప్ప బయటపడే దారి లేదు.

సాయంత్రం బూట్లు విప్పగానే పక్క పోర్షన్ గంగమ్మ, ఎలుక గిట్ల సచ్చిందేమో సూడుండ్రి అని కేకేసింది. రజిత నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

15 జూలై

హౌస్‌కీపింగ్ స్వామి మా పక్క ఊరివాడే. ఫినాయిల్ పొయ్యి అన్నా, దెబ్బకు పోతది అన్నాడు. పోశాను. ఇప్పుడు ఎలుక దవాఖానలో చచ్చినట్టుంది.

16 జూలై

అత్తరు. పెండ్లికి పోతున్నవా ఏంది అంది రజిత.

18 జూలై, ఆదివారం

వాసన మీద వాసన పోస్తే పోతదా, తడి పోవాలె గానీ అని రజిత బూట్లు లాక్కుంది. లేసులు తీసింది, లోపలి అట్టలు పీకింది. కింద నల్లగా బూజు. ఛీ! పాత బ్రష్షూ సబ్బు నీళ్లూ పెట్టి రుద్దింది. పేపర్ ఉండలు కూరి, అవి తడిసినప్పుడల్లా మార్చింది. పొయ్యి దగ్గర పెడదామంటే తోలు పగులుతదని చేతి మీద కొట్టి, ఫ్యాను గాలికి పెట్టింది. ఆరాక వంట సోడా చల్లి పొద్దున దులపాలట. నైలాన్ సాక్సు బయట పారేసింది. నూలువి రెండు జతలు తెచ్చింది, మధ్యాహ్నం మార్చుకోవాలట. కాళ్లు కడిగాక వేళ్ల సందులు తుడిచి పటిక రుద్దాలట.

ఇవన్నీ నీకెట్ల తెలుసు అన్నాను. స్లాబు పనిలో రెండు వానాకాలాలు గమ్ బూట్లు తొడిగిన, యాదికి లేదా అంది. నిజంగానే లేదు. ఆమె కాళ్ల సంగతి నేనెప్పుడూ అడగలేదు. సిగ్గేసింది.

23 జూలై

సార్ మళ్లీ పిలిచారు. వాసన సగమే తగ్గింది. రూల్ సార్ అన్నాను. రెండోసారి అబద్ధం సులువుగా వచ్చింది. ఏం ఏజెన్సీ అప్పా మీది, నేను మాట్లాడతాలే అన్నారు. వద్దు సార్ అనేలోపే లోపలికి వెళ్లిపోయారు.

27 జూలై

పెద్ద వాన. ఖాజాగూడలో మా ఇంటి నుంచి మెయిన్ రోడ్డు దాకా బూట్లు కవర్లో కట్టి నెత్తిన పెట్టుకుని నడిచాను.

1 ఆగస్టు, ఆదివారం

పోయింది! ముక్కు లోపల పెట్టి చూశాను. తోలు వాసన, అంతే. నమ్మకం లేక గంగమ్మను చూడమన్నాను. నీకేమన్న పిచ్చా బిడ్డా అంది గానీ చూసింది. ఏం లేదు అంది. రేపు నేనే బూట్లు విప్పి సార్ ముందు నిలబడతాను.

2 ఆగస్టు, ఉదయం 9

తలుపు మీద టైపు చేసిన కాగితం. సెక్యూరిటీ సిబ్బంది డ్యూటీలో బూట్లు విప్పరాదు. బూట్లతో కంప్యూటర్ రూమ్‌లోకి రారాదు. కావున వారికి లోపల ప్రవేశం లేదు. కింద మా ఏజెన్సీ మేనేజర్ సోమేశ్వరరావు సంతకం.

సార్ నా కోసమే ఫోన్ చేశారట, ఆ రూల్ ఒక్కడికి సడలించండి అని. అలాంటి రూల్ ఉందో లేదో మేనేజర్‌కే తెలియదు. తెలియదంటే పరువు తక్కువ. ఉందండీ, చాలా స్ట్రిక్టండీ అన్నాడట. అన్నవాడు ఊరుకోక రాసి పంపాడు.

సాయంత్రం 6

సార్‌కు నిజం చెప్పేశాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. ఆ రోజే చెప్పుంటే స్లిప్పర్లు ఇప్పించేవాణ్ణి కదప్పా అన్నారు. ఇప్పుడా కాగితం హెడ్డాఫీసు ఫైల్లోకి పోయింది, నా చేతిలో లేదు అన్నారు. మళ్లీ వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. ఏడుపొచ్చింది.

5 ఆగస్టు

టేపుల పనికి స్వామిని తీసుకున్నారు. చదివింది ఐదో తరగతి. ఏ రోజు ఏ టేపో రంగు చీటీ చూసి పెట్టేస్తాడట. వాడికి బూట్లు లేవు, కాబట్టి రూలూ లేదు. వాడి తప్పేం లేదు. అయినా ఒళ్లు మండింది.

రజిత సాక్సు ఆరేస్తూ, లోపలి పని నేర్పుతున్నరా అని అడిగింది. ఆఁ, నేర్పుతున్నరు అన్నాను.

9 ఆగస్టు

ఒక టేపుకు రంగు చీటీ ఊడిపోయిందట. స్వామి దాన్ని తలుపు దాకా తెచ్చి, అన్నా, జర దీని మీద ఇంగ్లీషుల ఏం రాసిన్రో చదువు అన్నాడు. గడప ఇవతల నిలబడి చదివాను.