ఐదుకి లేదు, ఏడుకి ఉంది

మార్చి 4, మంగళవారం

చెల్లికి కొడుకు పుట్టాడు. మధ్యాహ్నం 2:40. మూడు కిలోల వంద గ్రాములు. సెలవు కావాలని ఆఫీసుకి ఫోన్ చేస్తే, పెద్దమ్మవయ్యావు కదా, ఇక వార్తలు మేం రాసుకుంటాంలే అన్నాడు న్యూస్ ఎడిటర్.

మార్చి 5

బుడంకాయ అని పిలుస్తున్నాను. వాళ్ళ నాన్న, అంటే మా మరిది, ఒప్పుకోవడం లేదు. అతని దగ్గర నలభై పేర్ల లిస్టుంది.

మార్చి 6, గురువారం. ఉదయం 7:20

ఆసుపత్రి గదిలో డైపర్ మార్చబోయిన అమ్మ నన్ను కేకేసింది. బుడంకాయకి వృషణాల సంచి కుడివైపు వాచింది. ఎర్రగా, అంచుల్లో నీలంగా. తాకితే కెవ్వుమన్నాడు.

నీరు పట్టి ఉంటుంది, చాలామంది పిల్లలకి ఉండేదే, ఏడాదిలో అదే పోతుంది అంది నర్సు. అయినా డ్యూటీ డాక్టర్‌ని పిలిచింది.

7:45

డాక్టర్ వచ్చి, గదిలో లైటు ఆర్పి, వాపుకి టార్చ్ ఆనించాడు. నీరైతే వెలుతురు అవతలికి కనపడాలట. కనపడలేదు. ఎప్పటినుంచి ఉందండీ అని అడుగుతుండగానే అమ్మ అందుకుంది. పుట్టినప్పటినుంచీ అంతే బాబూ అంది.

అతను అదే రాసుకున్నాడు. వృషణానికి రక్తం తెచ్చే తాడు కడుపులో ఉండగానే మెలిపడి ఉంటుందట. అలాగైతే ఆ వృషణం ఎప్పుడో చచ్చిపోయి ఉంటుందట. ఇప్పుడు పరుగెత్తి చేసేదేం లేదు, సోమవారం పిల్లల సర్జన్‌కి చూపిద్దాం అన్నాడు.

పుట్టినప్పటి ఫారంలో నార్మల్ అని టిక్ ఉంది కదా అన్నాను. ఆ టిక్కులు అందరి ఫారాల్లోనూ ఉంటాయి మేడం అన్నాడు, కాస్త సిగ్గుపడుతూనే.

చెల్లి ఏడవలేదు. రెండోది బాగుంది కదా అని మాత్రం అడిగింది.

8:05

ఇరవై రెండేళ్ళుగా జనాన్ని ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు అని అడుగుతున్నాను. భయపడ్డవాళ్ళ దగ్గర జవాబు ముందే తయారుగా ఉంటుంది. అమ్మ ప్రశ్న పూర్తికానివ్వలేదు.

వరండాలోకి తీసుకెళ్ళాను. నిన్న స్నానం పోసింది నువ్వే కదా అన్నాను. పోలీసులా అడక్కే అంది. మళ్ళీ అడిగాను. గోడకి ఆనుకుని చెప్పింది. నిన్న సాయంత్రం ఏమీ లేదు. పొద్దున ఐదుకి డైపర్ మార్చినప్పుడూ లేదు. అప్పుడు కాళ్ళు రెండూ కలిపి పట్టుకుని పైకెత్తాను, గట్టిగా లాగానేమో, నా చేతుల్తోనే వాణ్ణి పాడు చేశానే, అల్లుడికి మొహం ఎలా చూపించను అంది.

ఓదార్చడానికి ఆగలేదు. పరుగెత్తాను.

8:20

ఐదుకి లేదా, ఖాయమా అని డ్యూటీ డాక్టర్ మూడుసార్లు అడిగాడు. రాసిన లైను కొట్టేశాడు. అక్కడినుంచే సర్జన్‌కి ఫోన్ చేశాడు. ఆవిడ పై అంతస్తు నుంచి మెట్ల మీదే దిగి వచ్చింది.

పుట్టుకతో ఉన్నదైతే ఆగొచ్చు, పొద్దున లేనిది ఇప్పుడొస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు అంది. ఐదునుంచి లెక్కేస్తే అప్పటికే మూడు గంటలు దాటాయి. రెండు రోజుల పిల్లాడికి మత్తివ్వడం చిన్న విషయం కాదని కూడా చెప్పింది. కుడిది నిలిచే అవకాశం సగానికి తక్కువే అంది. రేపు ఎడమది కూడా మెలిపడితే వాడికి ఏమీ మిగలదు, అందుకే దాన్నీ కదలకుండా కుట్టేస్తానంది.

చెల్లి సంతకం పెట్టింది. మరిది ఫారం మళ్ళీ మొదటినుంచీ చదువుతుంటే పెన్ను ఆమే లాక్కుంది.

9:10

లోపలికి తీసుకెళ్ళారు.

10:35

తాడు ఒకటిన్నర చుట్టు తిరిగి ఉందట. విప్పేసరికి వృషణం నల్లగా ఉందట. గోరువెచ్చని గుడ్డ చుట్టి ఎదురుచూశారు. పది నిమిషాలకి ఒక అంచు గులాబీ రంగుకి తిరిగింది. తీసెయ్యకుండా ఉంచాం, బతుకుతుందో లేదో ఆరు నెలలయ్యాక స్కాన్‌లో చూద్దాం అంది సర్జన్. ఎడమది భద్రం.

నేను కాళ్ళు లాగినందుకేనా తల్లీ అని అమ్మ అడిగేసింది, అల్లుడి ముందే. కాళ్ళెత్తితే మెలిపడేట్టయితే ఊళ్ళో ఒక్క మగాడికీ మిగిలేవి కావండీ అంది సర్జన్. మరిది నవ్వాడు. అమ్మ నవ్వలేదు. ఐదింటికి మీరు చూడబట్టే కదా అత్తయ్యా అన్నాడతను. అప్పుడు ఏడ్చింది.

మార్చి 7

పాలు తాగాడు. రెండుసార్లు.

మార్చి 12

ఇంటికి వెళ్తుంటే డ్యూటీ డాక్టర్ వచ్చాడు. ఇకనుంచి ఎప్పుడొచ్చింది అని అడగను మేడం, మామూలుగా ఉండగా ఆఖరిసారి ఎప్పుడు చూశారు అని అడుగుతాను అన్నాడు. మంచి ప్రశ్న. నేనూ రాసుకున్నాను.

సెప్టెంబర్ 9, మంగళవారం

స్కాన్. ఎడమది పన్నెండు మిల్లీమీటర్లు. కుడిది ఎనిమిది. రక్తం నడుస్తోంది.

ఎనిమిదంటే ఎంతే అని అడిగింది అమ్మ. నా చిటికెన వేలి గోరు చూపించాను. ఆ వేలు పట్టుకుంది. ఇంటికి వచ్చేదాకా వదల్లేదు.