పాటలో అవ్వ పేరు

మంగళవారం

బతుకమ్మ పాట రికార్డింగని రామన్నపేట పోతే, స్టూడియో నడిపే శ్రీను నాకే ఓ కొత్త పాట వినిపించాడు. ఏఐ కట్టిందట. చివర్లో “మల్లవ్వ” అని వినబడి ఉలిక్కిపడ్డాను. నేను కట్టే ప్రతి పాటనూ మా అవ్వ పేరుతోనే ముగిస్తాను.

“శ్రీనూ, మా అవ్వ పేరు దానికెట్ల తెల్సు?”

“దానికి నేర్పనీకి నీ పాటలే ఇనిపించిన గదక్కా. కట్టింది మాత్రం మిషినే, గది ఎవ్వరిది గాదు. గంత ఫికరెందుకు? గా పేరు తీసేస్త తియ్యి.”

నా ముందే తీసేశాడు.

కొట్లాడే ఓపిక లేక బస్సెక్కాను. ఇంటికొచ్చాక తట్టింది. ఆ పాట నాదని చెప్పడానికి ఉన్నది ఆ ఒక్క పేరే. నేను నోరు మూసుకుని ఉంటే, అవ్వ అందులో ఉండేది.