ఆ మాట అన్నాక

జలంత్రకోట

సుహాసినక్కకు,

ఫోన్ చేస్తే నీ పక్కనే మేడమ్ ఉంటుంది. అందుకే కువైట్ తిరిగెళ్తున్న సంజయ్ బావ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నన్నూ అక్కడికి ఇంటిపనికి పంపుతానన్న పలాస ఏజెంటు అరబీ మాటలు నేర్పుతున్నాడు. "ఐ వాంట్ టు గో హోమ్" అనడానికి "అనా అబీ రూ బలద్" అనాలట. నేను అడిగితేగానీ చెప్పలేదు. సెల్లో చూశాను, అర్థం సరిగ్గానే ఉంది. కువైట్ నుంచి తిరిగొచ్చిన బారువ జీవరత్నమ్మత్తని అడిగితే మాత్రం, "అర్థమెందుకే? ఆ మాటన్నాక ఆళ్లేటి సేత్తారో మీ అక్కనడుగు" అని, ఎండుచేపలు తిరగేస్తూ ఉండిపోయింది.

అర్థం రాయొద్దక్కా. నువ్వా మాట ఎవరితో అన్నావో, అన్నాక వాళ్లు ఏం చేశారో రాయి.

నాన్న పోయిన రోజు, "నాకే రావాలని లేదు" అని ఫోన్లో అన్నావు. అప్పుడూ మేడమ్ పక్కనే ఉందా?

నీ చెల్లి