నాన్న కారులో ఏసీ తీయించాను

చిన్నోడా,

అక్క దీవెనలు. ఇది నిలబడి చదవకు. డ్యూటీ దిగి, ముఖం కడుక్కుని, కూర్చుని చదువు.

ఫోన్లోనే చెప్పొచ్చు. కానీ కారు మాట ఎత్తితే చాలు, నీకు సిగ్నల్ పోతుంది. ఉత్తరానికి ఆ బెడద లేదు.

నాన్న కారులో ఏసీ తీయించేయాలనుకుంటున్నాను. ఆసుపత్రికి కుట్టిన దుప్పట్లు, గౌన్లు వెనక సీటు నిండా వేసుకుని ఆసుపత్రి దారిలోని ఆ ఎత్తు ఎక్కేసరికి ఇంజిన్ వేడెక్కిపోతోంది. సగం దారిలో పక్కకి ఆపి, బానెట్ ఎత్తి, అది చల్లారేదాకా నిలబడుతున్నాను. ఈలోపు నా ప్రార్థన ఒక విడత పూర్తవుతోంది. దేవుడికి బాగానే ఉంది గానీ ఆసుపత్రి స్టోరు ఆవిడకి బాగాలేదు. "దారిలో దుప్పట్లు ఆరేసుకుంటూ వస్తున్నావా ఏంటమ్మా?" అంటోంది. మెకానిక్‌కి చూపించాను. "ఇది కారుతో పాటు వచ్చింది కాదక్కా, తర్వాత తెచ్చి తగిలించారు. నువ్వా వాడవు. ఉత్త బరువు. తీసేస్తే పాత బండి, కాస్త ఊపిరి పీల్చుకుంటుంది" అన్నాడు.

అది నువ్వు మొదటి జీతంతో అమ్మ కోసం పెట్టించింది. అందుకే నిన్ను అడుగుతున్నాను. వద్దంటే ఆపుతాను.

వద్దనవని తెలుసు. "ఏసీ ఒక్కటే ఎందుకు, బండినే తుక్కులో వేసెయ్" అంటావు. బండిని వెయ్యను. దానివల్లే నాకూ నాన్నకూ ఇంత ముద్ద దొరుకుతోంది.

ఆ రోజు మాట మనం ఇంతవరకూ కాగితం మీద పెట్టలేదు. ఇవాళ పెడతాను. అమ్మకి ఊపిరాడక నువ్వు కారు తీశావు. వెనక సీట్లో అమ్మ తల నాన్న ఒళ్లో ఉంది. నేను బట్టలివ్వడానికి వెళ్లి అప్పటికే ఆసుపత్రిలో ఉండి, ఫోను రాగానే స్ట్రెచర్ తెప్పించి గేటు దగ్గర నిలబడ్డాను. నువ్వు రాలేదు. ఆ ఎత్తు మీదే ఇంజిన్ కాగిపోయి బండి ఆగింది. అంబులెన్సు మీ దగ్గరికి వచ్చేసరికి అమ్మ లేదు. అన్నీ అయ్యాక, ఊరికి బయల్దేరే ముందు, పెరట్లో నా చెయ్యి పట్టుకున్నావు. "ఎత్తు మీద ఏసీ ఇంజిన్‌కి భారమని డ్రైవర్‌ని నాకు తెలీదా అక్కా? అమ్మకి చెమట పడుతోందని ఆపలేదు. ఆపి ఉంటే బండి ఎక్కేది. నేనే చంపాను. నాన్నకి చెప్పనని ఒట్టెయ్" అన్నావు. వేశాను. ఇన్నాళ్లూ నిలబెట్టుకున్నాను.

నువ్వు మళ్లీ స్టీరింగ్ ముట్టలేదు. డిపో గేటు దగ్గర నిలబడి, వచ్చే బస్సు, పోయే బస్సు రాసుకుంటున్నావు. నెలాఖరుకల్లా బస్సెక్కుతావా, ఉద్యోగం మానుకుంటావా అని మేనేజరు తేల్చమన్నాడని మరదలు చెప్పింది. మానేస్తానంటున్నావట. చేతిలో ఉన్న ఒకే ఒక్క పని అది. నీకు చేతనైనది, ఇష్టమైనది కూడా అదొక్కటే.

ఏసీ విప్పేస్తే నీ గుండెల్లోది కూడా ఊడిపోతుందని నేననుకోవడం లేదు. అంత పిచ్చిదాన్ని కాను. అయినా ఆ స్విచ్చి వైపు చూడకుండా బండి నడపడం నావల్ల కూడా కావడం లేదు. ఇది ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను.

ఒక ముక్క రాయి.

నీ మేలు కోరే
అక్క

*

చిన్నోడా,

నువ్వు రాయలేదు. మరదలి చేత "అక్క ఇష్టం" అనిపించావు. సరే, తీయించాను. కానీ ఈ ఉత్తరం అందుకు కాదు.

మెకానిక్ పొద్దున్నే వేళాకోళం మొదలుపెట్టాడు. "అందరూ ఏసీ పెట్టించుకోవడానికి వస్తారు. తీయించుకోవడానికి వచ్చింది నువ్వొక్కదానివే."

"తీసేద్దామన్నది నువ్వే కదయ్యా."

"అన్నాననుకో. నువ్వు వింటావనుకోలేదు. నా మాట మా ఇంట్లోనే ఎవరూ వినరు."

ముందు దాంట్లో మిగిలిన గ్యాసుని మిషన్ తగిలించి సిలిండర్‌లోకి లాగాడు. గాల్లోకి వదిలేస్తే క్షణంలో పని, కానీ వదలకూడదట. తర్వాత బానెట్ కింద తల దూర్చి, చేత్తో తడిమి, తల బయటికి తీయకుండానే అరిచాడు. "అక్కా, దీని బెల్టేదీ?"

నాకు అర్థం కాలేదు. దగ్గరికి పిలిచి చూపించాడు. ఏసీలో కంప్రెసర్ అని ఒక బరువైన ఇనప ముద్ద ఉంది, నీకు తెలిసిందే. ఇంజిన్ దాన్ని రబ్బరు బెల్టుతో తిప్పుతుంది. ఆ బెల్టు లేదు. తెగలేదు, ఎవరో తీశారు. కప్పీ గాడి నిండా తుప్పు. చాలా కాలం కింద తీసి ఉంటారన్నాడు.

"బెల్టు లేకుండా స్విచ్చి వేస్తే?" అన్నాను.

"లోపల ఫ్యాన్ తిరుగుతుంది. గాలొస్తుంది. చల్లదనం రాదు."

"మరి ఇంజిన్ మీద భారం?"

"తిప్పేదే లేకపోతే భారమెక్కడిది? చెట్టుకి కట్టని గేదె చెట్టుని లాగుతుందా?"

అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయాను. అతను మంచినీళ్లు తెచ్చిచ్చాడు. పాపం, ఏసీ మీద నాకు అంత ప్రేమ ఉందనుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి నాన్న నా కుట్టుమిషన్‌కి నూనె వేస్తున్నారు. నేను చెప్పులు కూడా విప్పలేదు.

"నాన్నా, కారులో ఏసీ బెల్టు ఎవరు తీశారు?"

"నేనే. ఏం?"

"ఎప్పుడు?"

"మీ అమ్మ మోకాళ్లు పట్టేస్తున్నాయని గోల పెట్టినప్పుడు. వాడు ఉద్యోగానికి వెళ్లిన ఏడే. ఆ చల్లగాలి ఆవిడకి పడలేదు. తీసెయ్యమంది, తీసేశాను."

"స్విచ్చి వేయకుండా ఉంటే సరిపోయేదిగా?"

"నేను వేసేవాణ్ణి. నాకు ఉక్క. అందుకే బెల్టే తీయించింది. నా మీద మీ అమ్మకి ఎంత నమ్మకమో నీకు తెలీదూ?"

"మాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దంది. వాడు మొదటి జీతం తెచ్చి పెట్టాడు, వింటే చిన్నబుచ్చుకుంటాడు అంది."

బెల్టేం చేశారని అడిగితే నూనె డబ్బాతోనే పెరటి వైపు చూపించారు. పెరటి తలుపుకి గొళ్లెం ఊడిపోయాక, తలుపునీ గుంజనీ కలిపి ఒక నల్ల రబ్బరు పట్టీ తగిలించి ఉంటుంది, గుర్తుందా? రోజూ దాన్ని తీసి, వేసి, బట్టలు ఆరేస్తున్నాను. ఆ రోజు నువ్వు నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకున్నది ఆ తలుపు పక్కనే.

చిన్నోడా, అప్పుడు ఒట్టు తప్పాను. నాన్నకి అంతా చెప్పేశాను.

ఆయన నూనె డబ్బా కింద పెట్టేశారు. "వాడలా అనుకున్నాడా?" అన్నారు. తర్వాత నీకు తెలియనిది చెప్పారు. ఎత్తు మొదట్లో నువ్వు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా స్విచ్చి వేసి, "చల్లగా ఉందా అమ్మా?" అన్నావట. నాన్న నోరు తెరవబోయారు. అమ్మ ఆయన చెయ్యి గట్టిగా నొక్కింది. "చల్లగా ఉందిరా, పోనీ" అంది.

అవే ఆవిడ ఆఖరి మాటలు. "ఆవిడ దాచమన్నది కదా అని దాచాను. నువ్వు వాడు దాచమన్నది దాచావు. ఇద్దరం ఒకే వంటింట్లో ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం" అన్నారు నాన్న.

ఆ రోజు నువ్వు ఆపాల్సిన ఏసీ ఏదీ నడవడం లేదు. ఇంతకన్నా నాకు రాయడం చేతకాదు. నెలాఖరు దగ్గర పడుతోంది.

నీ అక్క

*

చిన్నోడా,

నీ జవాబు అందింది. "నన్ను మళ్లీ బస్సెక్కించడానికి నువ్వూ నాన్నా కలిసి బాగా అల్లారక్కా. ఇంక రాయొద్దు." అంతే రాశావు.

నాకు కోపం రాలేదు. పొద్దున ప్రార్థనలో కూర్చుంటే ఒకటి తట్టింది. కిందటి ఉత్తరంలో ఒక సంగతి నీకు రాయలేదు. రాస్తే నీకు దొరికిన కాస్త ఊరటా పోతుందని వదిలేశాను. అదీ దాచడమే. ఈ ఇంట్లో ప్రేమ కొద్దీ దాచినవి చాలు. రాస్తాను.

ఏసీకి ముందు భాగంలో రేడియేటర్‌కి ఎదురుగా జాలీలాంటిది ఒకటి బిగించి ఉంటుంది. అది విప్పేసరికి దుమ్ము, పురుగులు, ఎండిన ఆకు, దిండులా దట్టంగా పట్టి ఉన్నాయి. దాని వెనక రేడియేటర్‌కి గాలి సరిగా అందడం లేదు. ఇప్పుడు బండి కాగడానికి అదే కారణమన్నాడు మెకానిక్. "చాలా కాలం కింద ఒకసారి ఎత్తు మీద ఆగింది, అప్పుడూ ఇదేనా?" అని అడిగాను. "అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. అప్పుడు పైపు కారిందో, నీళ్లు తగ్గాయో. ఇప్పుడెవరు చెప్పగలరు?" అన్నాడు.

కాబట్టి నువ్వు పెట్టించిన వస్తువు ఆ రోజు బండికి అడ్డం పడలేదని నేను చెప్పలేను. దాన్ని కడగాలని నాన్నకి తోచలేదు. అలాంటిదొకటి ఉందనే నాకు తెలియదు. ఎవరి పాలు ఎంతో దేవుడికి తెలుసు. నేను ఆయన్ని అడగడం మానేశాను. నిన్ను ఓదార్చడానికి అల్లేదాన్నైతే ఇది రాస్తానా?

కానీ నువ్వు మోస్తున్నది ఇది కాదు. అమ్మ ప్రాణం పోతుంటే, తెలిసి తెలిసీ ఏసీ ఆపలేదన్నది నువ్వు మోస్తున్నావు. అది జరగలేదు. జరగనిదాన్ని మోయకు. జరిగినదే మన ముగ్గురికీ సరిపడా ఉంది.

నా మాట నమ్మొద్దు, నాన్న మాటా నమ్మొద్దు. ఆ గాలి వచ్చేది స్టీరింగ్ పక్కనుంచే. అది నీ చేతుల మీదే పడింది. నువ్వు ఆసుపత్రి గేటు దగ్గర అంబులెన్సు దిగినప్పుడు నేను చూశాను. చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. భయానికి పట్టిన చెమట అనుకున్నావు, నేనూ అదే అనుకున్నాను. ఒక్కసారి కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకో. నీ చేతుల మీద పడిన గాలి చల్లగా ఉందా?

దీనికి నాకు జవాబు రాయక్కర్లేదు. నువ్వు ఉద్యోగం మానేసినా నాకు తమ్ముడివే. ఇక్కడ కుట్టిన బట్టలు మడతపెట్టేవాళ్లు కావాలి, వచ్చెయ్.

అక్క

*

చిన్నోడా,

క్షేమంగా చేరావని మరదలు ఫోన్ చేసింది.

నువ్వలా చెప్పాపెట్టకుండా దిగుతావని అనుకోలేదు. వస్తూనే పెరట్లోకి పోయి, తలుపుకున్న పట్టీ తీసి చేతిలో తిప్పి చూశావు. నన్ను పలకరించలేదు. "తాళాలివ్వక్కా" అన్నావు. "నాన్నా, ఎక్కు" అన్నావు. నన్ను పిలవలేదు. నేను రావాలనీ అనుకోలేదు. మీరు తిరిగొచ్చేదాకా గుమ్మంలో నిలబడి నాకొచ్చిన ప్రార్థనలన్నీ చెప్పుకున్నాను. తర్వాత నువ్వు తిని, పడుకుని, తెల్లారి వెళ్లిపోయావు.  

నువ్వు వెళ్లాక నాన్న చెప్పారు. ఆ రోజు బండి ఆగిన చోటే ఆపి, "అప్పుడొచ్చింది వేడిగాలేనా నాన్నా?" అని అడిగావట. "వేడిగాలేరా" అన్నారట. నీకు తెలియనిది ఇంకోటుంది. ఎత్తు మొదట్లో నువ్వు గేరు రెండుసార్లు తప్పు వేయడం ఆయన చూశారట. "నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటించాను. పైకి చేరేసరికి ఒక్కటీ తప్పలేదు" అన్నారు. ఆ మాట చెబుతూ ఆయన ఏడ్చారు. అమ్మ పోయినప్పుడు కూడా నేను చూడలేదు ఆయన ఏడవడం.

మళ్లీ బస్సెక్కావనీ, సోమవారం నుంచి మన ఊరి మీదుగా వెళ్లే లైను ఇచ్చారనీ మరదలు చెప్పింది. ఆ బస్సు ఆసుపత్రి ఎత్తు మీదుగానే పోతుంది. సోమవారం కారు ఇంట్లో ఉంచి, దుప్పట్ల మూటలు నీ బస్సులోనే వేసుకొస్తాను. నాన్న కూడా వస్తానంటున్నారు. "డ్రైవర్ కన్నతండ్రికి టికెట్టేమిటే?" అని ఇప్పట్నుంచే తగువు. కొనాల్సిందేనని చెప్పాను.

మేమిద్దరం వెనక సీట్లో కూర్చుంటాం. ఉక్కపోస్తే ఉక్కపోస్తోందనే చెబుతాం. నువ్వు రోడ్డు చూసుకో.

మీ
అక్క, నాన్న