మేరీకి పింఛను ఇవ్వరాదని ఆమె సొంత తమ్ముడి అభ్యంతరం

మొయినాబాద్,
తేది: 17-12-2007

మండల పరిషత్ అభివృద్ధి అధికారి గారి సముఖమునకు,
మొయినాబాద్ మండలం, రంగారెడ్డి జిల్లా.

అయ్యా,

విషయం: హిమాయత్‌నగర్ గ్రామ నివాసి మేరీ, వయసు 62, వితంతువు, పేదరికమును తన ఇష్టపూర్వకముగా ఎంచుకొన్నది అయినందున, ఆమెకు నెలకు రెండు వందల రూపాయల పింఛను మంజూరు చేయరాదని అభ్యంతరము తెలుపుట గురించి.

నిర్దేశము: గ్రామ పంచాయతీ గోడకు అంటించిన జాబితా, వరుస సంఖ్య 14. అభ్యంతరములకు ఆఖరు తేదీ నేడే.

నేను, అనగా కృపాకర్, తండ్రి పేరు కీ.శే. మారయ్య, ఆలూరు బడిలో ముప్పై నాలుగేండ్లు పంతులుగా పని చేసి నిరుడు రిటైరయిన వాడను. ప్రస్తుతం మొయినాబాద్‌లో రోడ్డు మీదికే సొంత ఇల్లు, రెండంతస్తులు. సదరు మేరీ నాకు తోడబుట్టిన అక్క. కనుక ఈ వ్యవహారంలో నాకు తెలిసినంత తమ సిబ్బందిలో ఎవరికీ తెలిసే అవకాశం లేదు. నా అభ్యంతరములను వరుసగా విన్నవించుకొనుచున్నాను.

1. ముందుగా బీదరికం అనే దాని గురించి ఒక మాట. ప్రభుత్వం వారు దీనిని కరువులాగా, వరదలాగా పైనుండి వచ్చిపడే ఆపదగా భావిస్తున్నట్లు కనబడుతున్నది. ఈ మండలంలో అట్లా లేదు. ఇక్కడ అది చేతులారా తెచ్చుకున్నది. ఉదాహరణకు మా ఊరి బీరయ్య. ఐటీ కంపెనీలు వచ్చి భూముల రేట్లు పెరిగిన కొత్తలో మూడెకరాలు అమ్మి తెల్లకారు కొన్నాడు. నడపడం రాదు. డ్రైవర్ను పెట్టుకొని, చిల్కూరు గుడికి వీసాల కోసం మొక్కుకోవడానికి వచ్చే జనాన్ని చూసి వచ్చేవాడు. రెండేండ్లలో కారు పోయినది. నేడు అదే మూడెకరాల చుట్టూ కట్టిన ప్రహరీ గేటు దగ్గర, మెడలో ఈల వేసుకొని, వాచ్‌మన్‌గా నిలబడి ఉన్నాడు. నేను అటు పోతే సెల్యూట్ కొడతాడు. అమ్ముకొమ్మని అతనికి ఎవరు చెప్పారు? ఆ అమ్మకానికి సాక్షి సంతకం నాదే కనుక, అతడు తన ఇష్టప్రకారమే అమ్మాడని ధ్రువీకరించగలను. ఇటువంటి వారందరినీ పోషించుకుంటూ పోతే సర్కారు ఖజానాకు తాళం ఎందుకు?

2. ఇక మేరీ. ఆమె బీదరికం 1959 జూన్ మాసంలో మొదలయినది. ఆ ఏడు మేమిద్దరం ఐదో తరగతి పాసయ్యాము. ఆమె క్లాసులో మొదటిది. నేను పదకొండో వాణ్ని. క్లాసులో ఉన్నది పన్నెండు మంది. మిషను హాస్టలు దొరసాని మా ఇంటి ముందు జీపు ఆపి, ఇంటికి ఒక్క సీటే ఉన్నది, పిల్లను పంపండి అన్నది. మా తండ్రి సరేనన్నాడు. పెట్టె కూడా సర్దినారు. అప్పుడు మేరీ ముందుకు వచ్చి, నన్ను కాదు, తమ్ముణ్ణి రాసుకొమ్మని చెప్పినది. ఎవరూ బలవంతపెట్టలేదు. పదమూడేండ్ల వయసు, పూర్తి స్పృహ, వాడంతా సాక్ష్యం. అంతకు ముందు దొరసాని మాట చెప్పి పోతుంటే, నన్నూ తీసుకుపొమ్మని నేను జీపు వెనుక ఏడ్చుకుంటూ ఉరికినానని ఊళ్లో చెప్పుకుంటారు. నాకు జ్ఞాపకం లేదు. మరుసటి వారం నుండే ఆమె నాట్లకూ కలుపులకూ కూలికి పోయినది. చదువు మానితే ఏమవుతుందో తెలియనంత తెలివితక్కువది కాదు, క్లాసు ఫస్టు. తెలిసే చేసినది. తెలిసి చేసిన దానికి యాభై ఏండ్ల తరువాత ప్రభుత్వం వారు ఎందుకు పూనుకోవలెను?

3. మా తండ్రి విడిచిపోయిన భూమి ఎకరం పది గుంటలు. రెండేండ్ల కిందట మంచి బేరం వచ్చినప్పుడు, తన వాటా నాకు వదులుకున్నట్లు మేరీ చేవెళ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసులో సంతకం చేసినది. ఆమెకు చదవడం వచ్చు. చదవలేదు. ఎక్కడ చేయాలని నన్ను అడిగి, వేలు పెట్టి చూపించిన చోటల్లా చేసినది. చదవ వచ్చి కూడా చదవని వారిని పంతుళ్లు ఏమంటారో తమరు ఊహించగలరు. ఆ రోజు ఆడబిడ్డకు చేయవలసిన మర్యాద ప్రకారం చీర పెట్టినాను. హోటల్లో భోజనం పెట్టించినాను. ఆటో ఎక్కించి కిరాయి కూడా నేనే ఇచ్చినాను. ఆ భూమి ఎంతకు పోయినదన్న సంగతి ఇక్కడ అప్రస్తుతం.

4. ఇంత జరిగినా నేను ఆమెను గాలికి వదలలేదు. భర్త పోయి ఒంటరిగా రేకుల ఇంట్లో ఉన్నదని తెలిసి, నా భార్య ప్రేమజ్యోతితో ఆలోచించి, మా ఇంటి వెనుక నీళ్ల సంపు పక్క గది ఆమెకు కేటాయించినాము. పై అంతస్తు ఖాళీగానే ఉన్నది గాని, ఆమెకు మెట్లు ఎక్కడం కష్టమని మేమే ఆలోచించినాము. మెట్ల సంగతి ఆమెను అడగలేదు. ఊరికే కూర్చుంటే ఆమెకు తోచదు కనుక, ఊడ్చడం, గిన్నెలు, బట్టలు ఆమె చూసుకుంటే పనిమనిషిని మానిపించవచ్చునని కూడా అనుకున్నాము. ఈ సంగతి చెప్పడానికి నేను స్వయంగా వెళ్లినాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ అంతా విని, తల ఎత్తకుండా ఇట్లా అన్నది:

"చుట్టమోలె రమ్మంటే వస్త తమ్మీ. పనికి రమ్మంటే జీతమెంతో చెప్పు."

ఇది సాయం కోరే మనిషి ఇచ్చే జవాబేనా? లేనివారికి ఇంత రోషం ఎక్కడిది, ఎందుకు? నీడ ఇస్తామంటే కాదన్న మనిషి నీడ లేనిది ఎట్లా అవుతుందో తమరే తేల్చవలెను.

5. ఇప్పుడు గుమ్మడికాయ. ఇది ముఖ్యమైన రుజువు కనుక కొంచెం వివరముగా మనవి చేస్తున్నాను. మా చర్చిలో ఏటా కోత పండుగ చేస్తారు. ఎవరి చేనులో, ఎవరి పెరట్లో పండినది వారు తెచ్చి దేవునికి కానుక ఇస్తారు. ఆరాధన అయ్యాక ఆ కోళ్లూ కాయలూ ధాన్యమూ అక్కడే హర్రాజు వేస్తారు. వచ్చిన సొమ్ము చర్చికి. మొన్నటి పండుగకు మేరీ తన రేకుల మీద పాకిన తీగకు కాసిన గుమ్మడికాయ ఒకటి తెచ్చినది. దాని వంతు రాగానే నేను లేచి నిలబడి వంద అన్నాను. ఊరికే అనలేదు. ఈ కాయ నేను పాడి మా అక్కకే తిరిగి ఇస్తాను, పాపం వండుకొని తింటుంది అని కూడా సంఘమంతా వినేటట్లు చెప్పినాను. ఇందులో తప్పేమున్నది?

ఆడవాళ్ల వైపు నుండి నూట యాభై అని వినబడినది. మేరీ. నేను రెండు వందలు అన్నాను. ఆమె మూడు వందలు అన్నది. పాస్టరు గారు మూడోసారి పిలవబోయి, మా ఇద్దరి ముఖాలూ చూసి ఆగినారు. నేను నాలుగు వందల దాకా పోయినాను. ఆమె ఐదు వందలు అన్నది. పంతులుగా బతికిన వాడు నలుగురిలో గుమ్మడికాయ కోసం పోటీ పడడం బాగుండదని కూర్చున్నాను. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్న సామెత ఇటువంటి వారిని చూసే పుట్టినది. అనగా రెండున్నర నెలల పింఛను పెట్టి, తన కాయను తానే కొన్నది. ఆ సొమ్ము ఆదివారం ఆదివారం పది రూపాయల చొప్పున కానుక సంచిలో వేస్తున్నదట.

మరునాడు ఆ కాయను రెండు చెక్కలు చేసి, పెద్ద చెక్కను షేర్ ఆటో అతని చేతికిచ్చి మా ఇంటికి పంపినది. దుబారాకు ఇంతకన్నా రుజువు అక్కర లేదు. ప్రేమజ్యోతి దానిని పులుసు పెట్టినది. తిన్నాము. రుచి సంగతి ఇక్కడ అప్రస్తుతం.

6. చివరిది, అసలైనది. పంచాయతీ కార్యదర్శి దగ్గర మేరీ దరఖాస్తు నేను చూసినాను. తొమ్మిదో గడిలో "పోషించగల రక్తసంబంధీకులు" అని అచ్చువేసి ఉన్నది. దాని ఎదుట "ఎవరూ లేరు" అని రాసి ఉన్నది. కార్యదర్శి పొరపాటున రాసి ఉంటాడనుకొన్నాను. కాదు. ఆ గుండ్రటి అక్షరాలు నేను ఎరుగుదును. పలక మీద నా చేయి పట్టి దిద్దించినవి ఆ అక్షరాలే. ఆమె స్వయంగా రాసినది.

అయ్యా, నేను బతికే ఉన్నాను. ఆమె గుమ్మానికి నా గుమ్మానికి మధ్య ఆటోలో పావుగంట దూరం. ముప్పై నాలుగేండ్లు వేలమంది పిల్లలకు హాజరు పిలిచినవాణ్ని, నా సొంత అక్క నా పేరుకు లేరు అని రాసినది. ఆ మాటతో సహా జాబితా పంచాయతీ గోడ మీద ఉన్నది. దారిన పోయేవారు చదువుతున్నారు. చదివిన వారు నన్ను నమస్తే సార్ అని పలకరిస్తున్నారు. నేను వారం నుండి ఆ దారిన పోవడం మానుకున్నాను.

కావున తమరు దయతో విచారించి, ప్రభుత్వానికి అబద్ధం రాసిన సదరు మేరీ దరఖాస్తును తిరస్కరించి, తొమ్మిదో గడిలోని మాటలు కొట్టివేయించి, ఆ స్థానంలో "తమ్ముడు కృపాకర్, రిటైర్డు ఉపాధ్యాయుడు" అని రాయించవలసినదిగా ప్రార్థన. నా ఈ ఆరు మాటలూ తమరు చిత్తగించవలెను. ఆమె వచ్చి ఏదైనా ఒక్క మాట చెప్పబోతే మాత్రం చెవిని పెట్టవద్దని మనవి.

తమ విధేయుడు,
కృపాకర్

తా.క.: ఈ భాగం తమ ఆఫీసు వరండాలో కూర్చొని రాస్తున్నాను. అక్షరాలు కుదురుగా లేవు, మన్నించాలి.

పదకొండు గంటలకు వచ్చాను. జాబితాలో పేరున్న వాళ్లు ఫోటో ఇచ్చి సంతకం పెట్టడానికి కూడా ఈ రోజే ఆఖరని నాకు తెలియదు. లైను గేటు దాకా ఉన్నది. అటెండరు పాండు వచ్చి, ఈ రోజుకు ముప్పై చీటీలే, మిగిలినవాళ్లు నిలబడి లాభం లేదని చెప్పి లెక్కపెట్టాడు. ముప్పయ్యో మనిషి మేరీ. పొద్దున ఏడు గంటల నుండి నిలబడి ఉన్నదట. నేను పెట్టిన చీరే కట్టుకున్నది.

నన్ను చూసింది. నేను కాగితం చంకలోకి దోపుకున్నాను. నీకు సర్కారుతో ఏం పని పడ్డది తమ్మీ అని అడిగింది. నా పింఛను కాగితం ఒకటి ఆగిందని అబద్ధం చెప్పాను. అయితది తీయి, ఫికర్ చేయకు అన్నది. తర్వాత లైనులో వాళ్లతో చెప్పింది:

"మా తమ్ముడు. సారు. మోకాళ్లు నొస్తయి, నిలవడలేడు. నా జాగల నిలవడనియ్యుండ్రి."

అని పక్కకు జరిగి, గేటు దగ్గరికి పోయి, అందరి వెనుక నిలబడింది.

నేను నిలబడ్డాను. వద్దు అని అనలేదు. పాండు ముప్పయ్యో చీటీ నా చేతిలో పెట్టాడు, తీసుకున్నాను. జీపు వెనుక ఏడ్చుకుంటూ ఉరికిన సంగతి నాకు జ్ఞాపకం ఉన్నది.

ఆ చీటీని ఈ అర్జీకి గుండుసూదితో గుచ్చాను. నేనిస్తే ఆమె తీసుకోదు. తమరే పేరు పెట్టి పిలిపించండి. గేటు దగ్గర, ఆకుపచ్చ చీర.

నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. ఈ కాగితం చింపేద్దామనే అనుకున్నాను. కాని తమ ఫైలులో ఉండనివ్వండి. రేపు ఎవరైనా అధికారి వచ్చి, ఈమెకు రెండంతస్తుల ఇల్లున్న తమ్ముడు ఉన్నాడు కదా, తొమ్మిదో గడిలో ఎవరూ లేరని ఎట్లా రాసిందని అడిగితే, రుజువుగా ఈ అర్జీ చూపించండి.