శాలువాకు రెండో సగం

ఫిల్మ్ నగర్,
హైదరాబాద్.

పూజ్యులైన అత్తయ్యగారికి,

నమస్కారాలు. నేను కులాసాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను. అరకులో చలి ముదిరిందని విన్నాను. మీరు, మా బావమరిది వరప్రసాద్, పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

కాలు విరిగి రాలేకపోయారు కనుక, వకుళ చివరి రోజు ఎలా గడిచిందో ఉన్నదున్నట్టు రాయమన్నారు. ఆ రోజు ఉదయం నుంచీ వాన. ఒక ఇడ్లీ తింది, రెండోది వద్దంది. మీ కోసం అల్లుతున్న శాలువా అడిగితే తెచ్చి ఇచ్చాను. మధ్యాహ్నానికి ఆకుల అంచు పూర్తి చేసి, దారం తెంచి, ఒళ్ళో పరుచుకుంది. "మా అమ్మకి ఈ రంగు నచ్చుతుందాండీ?" అని అడిగింది. నచ్చుతుందన్నాను. కాసేపటికి ఊపిరి అందడం లేదంది. పక్కింటివాళ్ళ కారులో బయలుదేరాం. దారిలో నా భుజం మీద తల వాల్చింది. ఆస్పత్రి చేరేసరికి అయిపోయింది. మిమ్మల్ని తలచుకుందా అని అడిగారు కదా. ఆ రంగు మాటే ఆమె చివరగా అడిగిన మాట.

శాలువా సగమైనా సరే, ఉన్నది ఉన్నట్టు పంపమన్నారు. దాని సంగతి తర్వాత రాస్తాను. ముందు ఇంకో కబురు. నేను అల్లిక నేర్చుకుంటున్నాను.

నేర్పేది పద్మప్రియ. సినిమాలకు దుస్తులు చూసే అమ్మాయి. మంచు పాటలకు కావలసిన స్వెట్టర్లన్నీ వకుళ చేతే అల్లించేది. మా వీధి చివరే ఆమె వర్క్‌షాప్. అల్లిక అంతా అక్కర్లేదు, మొదటి వరుస కుట్లు సూది మీదికి ఎక్కించడం ఎన్ని రకాలుంటే అన్నీ చూపించమన్నాను.

"ఎందుకు సార్? వకుళక్క పని ఏమన్న ఉంటే పట్టుకరాండ్రి, చూసి చెప్త" అంది.

తీసుకెళ్ళలేదు.

బొటనవేలికి దారం చుట్టి సూదికి తగిలించేది తేలిక, కానీ అంచు వదులుగా ఉంటుంది. ముందే దారం కొసను పొడుగ్గా తోకలా వదిలి, రెండు వేళ్ళ మధ్య దారం సాగదీసి వేసే పద్ధతి ఇంకొకటి. తోక చాలకపోతే అంతా విప్పాల్సిందే. నాకు ప్రతిసారీ చాలలేదు. రెండు సూదులతో ఒక కుట్టులోంచి మరో కుట్టు లాగేది కూడా వచ్చింది. రెండు కుట్ల మధ్య నుంచి లాగితే అంచు తాడు పేనినట్టు గట్టిగా వస్తుంది.

"ఏంది సార్, గట్ల గుంజుతరు? జర వదులుగ పట్టుండ్రి. ఊలు యాడికీ ఉరకదు."

"నలభై ఏళ్ళు ఎడిటింగ్ గదిలో ఫిల్మ్ కోసిన చేతులమ్మా."

"గందుకే కత్తెర దాచిపెట్టిన."

వెనక సందులో ఏదో పాట తీస్తున్నారు. మంచు కోసం తెల్లని నురుగు ఊదుతారు. అది కిటికీలోంచి తేలి వచ్చి నా మోకాళ్ళ మీద వాలి కరిగిపోతుంది. ఊలు కోట్లు తొడుక్కున్న డాన్సర్లు ఎండలో కొబ్బరినీళ్ళు తాగుతుంటారు. వేలి చుట్టూ దారం, దారంలోంచి సూది, మళ్ళీ దారం. కొంతసేపటికి చెయ్యి నాదని అనిపించదు. పక్క కుర్చీలో వకుళ కూర్చుని ఉన్నట్టుంటుంది, తల తిప్పితే లేచి వెళ్ళిపోయేట్టుంటుంది. నేను తల తిప్పను.

ఇప్పుడు శాలువా సంగతి. కర్మకాండలు అయ్యాక మీకు పంపుదామని తీశాను. బూడిద నీలం శాలువా. ఒక కొసన ఆకుల అంచు, రెండో కొసన మాత్రం ఒక వరుస పసుపు నూలు దారం. మందుల వల్ల ఆమెకు చూపు మసకబారింది కదా, పొరపాటున వేరే దారంతో మొదలుపెట్టిందనుకున్నాను. ఆమె తప్పు మీ కంట పడకూడదనిపించింది. తప్పు కనబడితే తీసేయడమే నేను చేసిన ఉద్యోగం. ఆ దారం పట్టి లాగాను. జానెడు మేర కుట్లన్నీ నోళ్ళు తెరిచాయి. ఆమె చివరి పని నా చేత్తో పాడుచేశాననుకున్నాను. ఆ కొస మళ్ళీ కట్టాలనే ఈ చదువంతా. ఇది మీకు ఫోనులో చెప్పలేకపోయాను.

నిన్న పద్మప్రియ ఇంకో రకం చూపించింది. అల్లేది తెల్ల ఊలు, మొదలుపెట్టింది మాత్రం ఎర్ర నూలు దారంతో.

"ఇది మల్ల తీసేసే దారం సార్. గుంజితే కుట్లు ఖుల్లా అయితయి. గప్పుడు వాటిని సూదికెక్కించి, అటుదిక్కు కూడా అల్లుకోవచ్చు."

సూదులు కింద పెట్టి ఇంటికి వెళ్ళి శాలువా తెచ్చాను. తిప్పి చూసింది.

"మీరే గుంజిన్రా?"

"నేనే."

"ఏం కాలే సార్. గుంజేటందుకే ఏసింది. నడుమ మెడకాడ మొదలువెట్టింది, ఇది ఒక దిక్కు సగమే. రెండు కొసలకూ ఆకులు కిందికే చూడాలె, అమ్మకు తలకిందులుగ ఉంటే నచ్చదని నాతోని అన్నది."

చాయ్ పెడతానని లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

మిగతా సగం తను అల్లించి ఇస్తానంది. వద్దన్నాను. ఆకులు ఎలా వేయాలో నేర్పితే చాలన్నాను. నా కుట్లు వకుళవంత సమంగా రావు. ఏ భుజం మీద ఎవరి పనో మీకు తెలిసిపోతుంది. ఈ చలికాలానికి అందకపోవచ్చు కూడా. అందాకా వకుళ రోజూ కప్పుకున్న ఊదారంగు శాలువాను ఈ ఉత్తరంతో పార్సిల్ చేస్తున్నాను. ఉతకలేదు.

రేపు ఉదయం కాఫీ తాగి, మిగిలిన పసుపు దారం కూడా లాగేసి, ఆ కుట్లు సూది మీదికి తీసుకుని, మీ రెండో భుజం వైపు మొదటి వరుస అల్లుతాను.

ఇట్లు,
మీ అల్లుడు
కాశీవిశ్వనాథం